గోటితో పోయే మురికికి గొడ్డలెందుకు?

కారు చక్రాల మెరుపు పోవడానికి చాలాసార్లు కారణం మురికి కాదు, దాన్ని వదిలించడానికి మనం పడే తొందర. పూత చెడకుండా చక్రాలను శుభ్రం చేయడం కష్టమైన పనేమీ కాదు. ఏం కడుగుతున్నామో తెలిస్తే చాలు.

హైవే పక్కన వాటర్ సర్వీసింగ్ సెంటర్ల ముందు ఆదివారం ఉదయం కార్లు బారులు తీరతాయి. కారు ర్యాంపు ఎక్కగానే చాలాచోట్ల మొదట జరిగే పని ఒకటే. స్ప్రే సీసాతో నాలుగు చక్రాల మీదా ‘మందు’ కొడతారు. రెండు నిమిషాల్లో గోధుమరంగు నురగ కారుతుంది. గన్‌తో నీళ్లు కొట్టగానే అల్లాయ్ వీల్స్ షోరూమ్ నుంచి అప్పుడే దిగినట్టు తళతళలాడతాయి. యజమాని తృప్తిగా డబ్బు చెల్లించి వెళ్తాడు. ఏడాదో రెండేళ్లో గడిచాక అదే చక్రాల అంచుల్లో పాలిపోయిన మచ్చలు తేలతాయి. పూత కింద తెల్లని దారాలు పాకినట్టు గీతలు కనిపిస్తాయి. అప్పుడు నింద రోడ్ల మీదికి, వానల మీదికి, కారు కంపెనీ మీదికి పోతుంది. రెండు నిమిషాల్లో పని కానిచ్చిన ఆ మందును ఎవరూ అనుమానించరు.

అనుమానించవలసింది ముందుగా దాన్నే. చక్రాన్ని కడిగేటప్పుడు మన చేతికి తగిలేది గట్టి లోహంలా అనిపిస్తుంది కానీ, నిజానికి తగిలేది ఆ లోహాన్ని కాపాడే పలుచని పారదర్శక పూత. మురికికి తగిన బలం చూసుకుని మందు ఎంచుకోవడం మనకు అలవాటు. పూత ఎంత బలానికి తట్టుకోగలదో చూసుకుని ఎంచుకోవడం సరైన పద్ధతి. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఏ సీసా కొనాలి, ఏ బ్రష్ వాడాలి, ఎప్పుడు కడగాలి అన్నవాటికి జవాబులు వాటంతటవే దొరుకుతాయి.

ముందు చక్రాలకే అంత నలుపెందుకు?

చక్రాల మీద పేరుకునే నల్లని పొడి రోడ్డు దుమ్మేనని చాలామంది అనుకుంటారు. అందులో దుమ్ము వాటా ఉన్నా, మొండితనం దుమ్ముది కాదు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ రెండు వస్తువులు కొద్దికొద్దిగా అరుగుతాయి. ఒకటి పోత ఇనుముతో చేసిన డిస్క్. రెండోది దాన్ని రెండు వైపుల నుంచి నొక్కిపట్టే ప్యాడ్. ప్యాడ్‌లో లోహపు నూలు, గ్రాఫైట్, రకరకాల ఖనిజాల పొడి ఉంటాయి. వీటన్నిటినీ గట్టి రెజిన్ జిగురు కలిపి ఉంచుతుంది. రాపిడికి రాలే సన్నని రజను వేడివేడిగా ఎగిరి, పక్కనే తిరుగుతున్న చక్రం మీద వాలుతుంది. ఆపుతున్నప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముందు బ్రేకులే ఎక్కువ పని చేస్తాయి. పైగా మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే ఉంటాయి. డ్రమ్‌లో పుట్టే పొడి చాలావరకు డ్రమ్‌లోనే ఉండిపోతుంది. ముందు చక్రాలు నల్లబడి, వెనక చక్రాలు కాస్త తెరిపిగా కనిపించడానికి కారణాలివే.

ఈ రజనులో పెద్ద వాటా ఇనుముదే. ఇనుముకు తేమ తగిలితే తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన రేణువు ఉబ్బుతుంది. పూత మీద అతుక్కున్న రేణువు వానకూ మంచుకూ తడిసి, ఎండకు ఆరి, మళ్లీ తడిసి అక్కడే గట్టిపడుతుంది. చెయ్యి పెట్టి చూస్తే ఇసుక కాగితంలా గరగరలాడుతూ, లేత రంగు చక్రం మీద నారింజ చుక్కల్లా కనిపించేవి ఇవే. వారం నాటి పొడి సబ్బు నీళ్లకు వదులుతుంది, ఆరు నెలల పొడి వదలదు. రజనుకు కాలం ఎంత తోడైతే అది అంత మొండిగా మారుతుంది. చక్రాలు చెడే కథ సగం ఇక్కడే మొదలవుతుంది. నెలల తరబడి వదిలేసి, ఆ తర్వాత ఒక్క పూటలో అంతా పోవాలనుకుంటాం. గాఢమైన యాసిడ్ అవసరాన్ని సృష్టించేది ఆ ఆలస్యమే.

బ్రేకు పొడి చిన్న విషయమని కొట్టిపారేయడానికి లేదు. ప్యాడ్లలోని రాగి వాన నీటితో కలిసి వాగుల్లోకి, సముద్రంలోకి చేరి చేపలకు హాని చేస్తోందని అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. ప్యాడ్లలో రాగిని దశలవారీగా తగ్గిస్తూ 2025 నాటికి బరువులో 0.5 శాతం దాటకూడదని కాలిఫోర్నియా గడువు పెట్టింది. యూరప్ 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు పొగగొట్టంతో ఆగకుండా బ్రేకుల నుంచి రాలే పొడికీ తొలిసారి హద్దు గీశాయి. మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3 మిల్లీగ్రాములు. విద్యుత్ కార్లు వేగం తగ్గేటప్పుడు మోటారుతోనే చాలావరకు ఆగుతాయి కాబట్టి ప్యాడ్లు తక్కువ అరుగుతాయి, చక్రాలూ తక్కువ నల్లబడతాయి. చట్టాలు లెక్కగట్టేంత ముఖ్యమైన పొడి ఇది. దీన్ని ఎండు బట్టతో దులపడం, గాలి పైపుతో ఊదడం చక్రానికీ మంచిది కాదు, పీల్చే ఊపిరితిత్తులకూ మంచిది కాదు. తడిపి వదిలించడమే పద్ధతి.

పూత అసలు ఎంత మందం?

మన కార్ల అల్లాయ్ వీల్స్ అల్యూమినియం మిశ్రమంతో పోత పోసినవి. చక్రాల తయారీలో విరివిగా వాడే ఏ356 రకంలో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. పోత పోసి, వేడితో గట్టిపరచి, అంచులు చెక్కాక దాని మీద వరుసగా పూతలు వేస్తారు. అడుగున ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్. ఈ పై పూత మందం సాధారణంగా కొన్ని పదుల మైక్రాన్లు. తల వెంట్రుక మందం దాదాపు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే వేల రూపాయల చక్రం అందాన్నీ ఆయుష్షునూ కాపాడుతున్నది ఇంచుమించు వెంట్రుకంత పలుచని పొర. లోహానికీ వాననీటికీ మధ్య ఉన్న గోడ అదే.

ఇటీవల ఎక్కువగా కనిపిస్తున్న డైమండ్ కట్ చక్రాల పరిస్థితి ఇంకా సున్నితం. వీటి ముఖాన్ని యంత్రం మీద తిప్పుతూ సన్నగా చెక్కి, లోహపు మెరుపు బయటపడేలా చేసి, దాని మీద క్లియర్ కోట్ వేస్తారు. గుంటల్లో నల్ల రంగు, ముఖం మీద వెండి మెరుపు కలిసి చూడముచ్చటగా ఉంటాయి. కానీ చెక్కిన ముఖం, రంగు వేసిన గుంట కలిసే చోట పదునైన అంచు ఏర్పడుతుంది. పదునైన అంచు మీద ఏ పూతైనా పలుచబడుతుంది. చిన్న రాయి తగిలి అక్కడ పూత చిట్లితే తేమ, ఉప్పు లోపలికి దూరతాయి. ఆపై తుప్పు పైకి కనిపించకుండా పూత కిందుగా దారంలా పాకుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల ఉప్పుగాలి దీనికి బాగా అనుకూలం. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో కారు నడిపే తెలుగువారికీ ఇదే చిక్కు. ఒకసారి పాకిన దారాన్ని ఏ షాంపూ తుడవలేదు. పూతంతా తీసి, ముఖాన్ని మళ్లీ చెక్కి, మళ్లీ పూయాల్సిందే. చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి ఆ మరమ్మతు ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు చేయించుకునేది కాదు.

అన్ని చక్రాలూ ఒకటి కావు. పూత లేకుండా పాలిష్ చేసి వదిలిన అల్యూమినియం, క్రోమ్ పూసినవి, మ్యాట్ రంగు వేసినవి, ప్లాస్టిక్ వీల్ క్యాపు తొడిగిన ఉక్కు రిమ్ములు... ఇవన్నీ మన రోడ్ల మీద ఉన్నాయి. పాలిష్ అల్యూమినియానికి పూత రక్షణ లేదు కాబట్టి యాసిడ్‌కూ క్షారానికీ అదే అన్నిటికంటే ముందు మసకబారుతుంది. మ్యాట్ రంగు మీద పాలిష్ రుద్దితే రుద్దినచోటల్లా మెరుపు మచ్చలు పడి ఎబ్బెట్టుగా తేలతాయి. ఉక్కు రిమ్ము మీద గీత పడితే ఎర్ర తుప్పు మొదలవుతుంది. తన కారుకు ఉన్నది ఏ రకమో యజమానికి తెలియకపోతే, కడిగేవాళ్లకు తెలుస్తుందనుకోవడం అత్యాశే.

పులుసు గిన్నె చెప్పే రసాయన శాస్త్రం

అల్యూమినియం స్వభావం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, తెలుగు వంటిల్లు చాలు. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచరు, నిమ్మకాయ పచ్చడి అసలే ఉంచరు. ఉంచితే గిన్నె అడుగున గుంటలు పడతాయని తెలుసు. అదే గిన్నెను బట్టల సోడాతో తోమితే నల్లబడుతుందనీ తెలుసు. పులుపూ పడదు, సోడా పడదు. శాస్త్రం చెప్పేదీ అదే. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర పీహెచ్ 4 నుంచి 9 దాకా మాత్రమే నిలకడగా ఉంటుంది. అంతకు కిందికి వెళ్తే యాసిడ్, పైకి వెళ్తే క్షారం దాన్ని కరిగిస్తాయి. బట్టల సోడా ద్రావణం పీహెచ్ 11 దగ్గర ఉంటుంది. బాత్రూమ్ యాసిడ్ ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. రెండూ ఆ హద్దుకు చాలా దూరం. చింతపండుతో తోమితే ఇత్తడి బిందె మెరుస్తుంది కదా అని అదే సూత్రాన్ని చక్రానికి పట్టించడం పొరపాటు. చింతపండు కరిగించేది రాగి మీది చిలుమును. ఇత్తడికి చింతపండు, పట్టుచీరకు కుంకుడుకాయ అని లోహానికీ వస్త్రానికీ తగ్గట్టు తోముడును ఎంచుకున్న ఇంట్లో, కారు చక్రానికి మాత్రం దొరికిన సీసా వాడటం ఆ వివేకానికి తగదు.

పూత చెక్కుచెదరకుండా ఉంటే కొద్దిసేపు తగిలిన పులుపు పెద్దగా ఏమీ చేయదన్నది నిజమే. విజయదశమికి వాహన పూజలో చక్రాల కింద నలిగిన నిమ్మకాయ రసం, రిమ్ముకు పెట్టిన పసుపు కుంకుమలు వెంటనే చక్రాన్ని పాడుచేయవు. పసుపు మరక ఎండకు క్రమంగా వెలిసిపోతుంది కూడా. కానీ రాయి తగిలి పూత లేచిన చోట ఆ రసం రోజుల తరబడి నిలిస్తే లోహాన్ని కొరుకుతుంది. పూజ అయిన సాయంత్రమో మర్నాడో మామూలు నీళ్లతో కడిగేస్తే భక్తికీ లోటు రాదు, పూతకూ రాదు. వెంటనే కడగడం అన్న చిన్న అలవాటు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

అసలు భయపడవలసింది వ్యాపార అవసరాలకు అమ్మే గాఢమైన వీల్ క్లీనర్ల గురించి. వీటిలో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ లేదా దాని లవణాలు ఉంటాయి. అల్యూమినియం ఆక్సైడ్‌నూ సిలికా దుమ్మునూ రెండింటినీ కరిగించగలదు కాబట్టే అది రెండు నిమిషాల్లో మెరిపిస్తుంది. అదే గుణం పూత చిట్లిన చోట లోహాన్ని తింటుంది, కిటికీ అద్దం మీద పడితే మసకబారుస్తుంది. చక్రం సంగతి అటుంచితే, మనిషి ఒంటికి అది ఇంకా ప్రమాదం. పలుచని ద్రావణం చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట తెలియకపోవచ్చు. అది లోపలికి ఇంకి ఒంట్లోని కాల్షియంను పట్టుకుంటుంది. నొప్పి గంటల తర్వాత మొదలవుతుంది. ఎక్కువ మోతాదైతే గుండె లయే తప్పుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2001 నుంచి 2013 దాకా కార్లు, ట్రక్కులు కడిగే పనిలో ఈ యాసిడ్ వల్ల 48 మందికి కాలిన గాయాలయ్యాయని, ఇటువంటి ద్రావణం లోపలికి పోయి ట్రక్కులు కడిగే కార్మికుడు ఒకరు మరణించారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య నివేదిక 2015లో నమోదు చేసింది. చేతి తొడుగులు, జాగ్రత్త నియమాలు ఉన్న చోటే ఇలా జరిగితే, లుంగీ పైకి కట్టి ఉత్త చేతులతో చక్రాలు రుద్దే మన కుర్రాళ్ల సంగతి ఆలోచించాలి. మన చక్రం మెరుపు వాళ్ల వేళ్ల మీదుగా రాకూడదు.

నీళ్లకూ సమయానికీ అవకాశమివ్వాలి

మరి క్షేమమైన దారి ఏది? మొదటి సూత్రం, చక్రం చల్లారేదాకా ఆగడం. తిరుమల నుంచి ఘాట్ రోడ్డు దిగి వచ్చిన కారు బ్రేకులు ఎంత వేడెక్కుతాయో ఆ దారిలో నడిపేవారికి తెలుసు. గట్టిగా బ్రేకు వేస్తూ వచ్చిన డిస్కులు కొన్ని వందల డిగ్రీలకు చేరగలవు. ఆ వేడిలో కొట్టిన ఏ ద్రావణమైనా నీరు ఆవిరై గాఢమవుతుంది, పూత మీదే ఎండి మరక వేస్తుంది. మెత్తని షాంపూ కూడా వేడి చక్రం మీద కరకుగా మారేది అందుకే. వేడి ఇనుము మీద ఒక్కసారిగా చన్నీళ్లు కుమ్మరించడం డిస్కుకూ మంచిది కాదు. నీడలో ఆపి, అరచెయ్యి రిమ్ము మీద హాయిగా ఆనేంత చల్లబడ్డాకే మొదలుపెట్టాలి. కారు ర్యాంపు ఎక్కగానే చక్రాల మీద మందు కొట్టే పద్ధతిలో ఉన్న తప్పు ఇదే. ఇంజను ఆగిన మరుక్షణమే పని మొదలవుతుంది.

రెండో సూత్రం, రుద్దే ముందు వదులు చేయడం. దుమ్ములో స్ఫటిక రేణువులుంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో స్ఫటికం 7వ స్థానంలో ఉంటుంది. దాని ముందు ఏ కారు పూతైనా మెత్తనిదే. ఎండు దుమ్ము మీద బట్ట వేసి రుద్దితే ఆ రేణువులు బట్ట కింద చేరి పూతను గీరుతాయి. ఆ గీతలన్నీ కలిసి ఒక మసకగా కనిపిస్తాయి, మురికి పోలేదనుకుని ఇంకా గట్టిగా రుద్దుతాం. నల్లరేగడి బురద ఎండి అంటుకుంటే ఈ ప్రమాదం రెట్టింపు. అందుకే ముందు నీళ్లు ధారాళంగా పోసి నానబెట్టాలి. ప్రెషర్ గన్ అయితే కనీసం అడుగు దూరం నుంచి, పక్కవాటుగా కొట్టాలి. మరీ దగ్గరగా కొడితే లేచిన పూత అంచులు ఊడతాయి, టైరు పక్క గోడ దెబ్బతింటుంది, లోపలివైపు అతికించిన బ్యాలెన్సింగ్ బరువులు కదలొచ్చు.

ఆ తర్వాత పీహెచ్ 7 దరిదాపుల్లో ఉండే కారు షాంపూను బకెట్ నీళ్లలో కలిపి, మెత్తని కుచ్చు బ్రష్‌తో ముఖాన్ని, పొడవాటి పిడి ఉన్న బ్రష్‌తో లోపలి గుండ్రటి భాగాన్ని తోమాలి. నురగ చేసే పని సగం, జారుడు చేసే పని సగం. ఆ జారుడు వల్లే రేణువు పూతను గీరకుండా తేలిపోతుంది. చక్రాలకు వాడిన బకెట్టూ బట్టా బానెట్ మీదికీ తలుపుల మీదికీ పోకూడదు. చక్రం నుంచి వచ్చిన ఇనుప రజను కారు రంగును గీరడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. పాత్రలు తోమే స్టీలు పీచు, ఆకుపచ్చ స్క్రబ్బరు, అంట్ల పౌడరు దగ్గరికే రానివ్వకూడదు. అవి అరగదీసే సాధనాలు. గిన్నెకు అరగడానికి మందమైన లోహం ఉంది, చక్రానికి ఉన్నది వెంట్రుకంత పూత. టూత్‌పేస్టు, కూల్‌డ్రింకు, నిమ్మ ఉప్పు వంటి చిట్కాలదీ ఇదే కథ. ఒకటి రాపిడి, మిగతావి పులుపు. కిరసనాయిలు, డీజిల్ తుడుపు ఆ క్షణానికి నిగనిగలాడిస్తుంది కానీ ఆ జిడ్డు కొత్త దుమ్మును పట్టుకుంటుంది, టైరు రబ్బరును ఉబ్బిస్తుంది.

సబ్బుకు లొంగని నారింజ చుక్కల కోసం ‘ఐరన్ రిమూవర్’ పేరుతో ప్రత్యేక ద్రావణాలు దొరుకుతున్నాయి. వీటిలో ఉండే థయోగ్లైకోలేట్ లవణాలు ఇనుముతో కలిసి ఊదారంగుకు మారతాయి. బ్యూటీ పార్లర్లలో జుట్టును ఉంగరాలు తిప్పే మందుదీ ఇదే కుటుంబం, ఆ ఘాటు వాసనకు కారణం అదే. మంచి రకాలు పీహెచ్ తటస్థానికి దగ్గరగా ఉంటాయి. యాసిడ్ బలంతో అన్నిటినీ కరిగించకుండా, ఎంచుకుని ఇనుమును మాత్రమే పట్టుకోవడం వీటి గొప్పదనం. ఊదారంగు ఎక్కడ కారుతుందో అక్కడ ఇనుము ఉన్నట్టు, కారడం ఆగితే పని అయిపోయినట్టు. చల్లని చక్రం మీద, నీడలో, గాలి ఆడే చోట, చేతి తొడుగులు వేసుకుని కొట్టి, ఎండనివ్వకుండా కొద్ది నిమిషాల్లోనే కడిగేయాలి. ప్రతి వారం అక్కర్లేదు, రెండు మూడు నెలలకోసారి చాలు. తారు చుక్కలకు తారు తీసే ద్రావణం వేరు. ఏ ద్రావణమైనా మొదట చక్రం లోపలివైపు కనిపించని చోట పరీక్షించి చూడాలి.

చివరి మెట్టు ఆరబెట్టడం. చాలామంది వదిలేసేది దీన్నే. మన ఊళ్లలో కార్లు కడిగేది ఎక్కువగా బోరు నీళ్లతో. తాగునీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత దాకా మేలని, వేరే వనరు లేకపోతే 600 దాకా అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. చాలా బోరు నీళ్లు ఆ తొలి హద్దును దాటేవే. అవి పూత మీద ఆరితే సున్నపు చుక్కలు మిగులుతాయి. ఎండకు ఎండిన చుక్కలు ముదిరాక సబ్బుకు పోవు, మళ్లీ యాసిడ్ సీసా వైపే చూపిస్తాయి. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తుడిచేస్తే ఆ అవసరమే రాదు. తుడిచాక కారును నెమ్మదిగా కొంత దూరం నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే తడి డిస్కులు ఆరతాయి. డిస్కు మీద కనిపించే పలుచని తుప్పు ఆ రాపిడికే పోతుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. చక్రం పొడిగా ఉన్నప్పుడు వ్యాక్స్ లేదా సీలెంట్ పూస్తే కొత్త రజను అంతగా అతుక్కోదు, మరుసటి కడుగుడు సగం శ్రమతో ముగుస్తుంది. అది డిస్కుకు మాత్రం అంటకూడదు.

అడగదగిన ప్రశ్నలు

దీనికి మొదటి అభ్యంతరం వాటర్ సర్వీసింగ్ యజమానుల నుంచే వస్తుంది. రోజుకు పదుల కార్లు కడిగేచోట చక్రానికి అంత సమయం కేటాయిస్తే గిట్టుబాటు కాదంటారు. ఇది కాదనలేని మాట. వాళ్లకు చెల్లించే డబ్బులో చక్రాల ఓపిక లెక్క లేదు. కానీ ఆ లెక్క తేడా ఎవరి మీద పడుతోందో చూడాలి. ఆదా అయిన నిమిషాల ఖర్చు పూత రూపంలో కారు యజమాని, ఆరోగ్యం రూపంలో కడిగే మనిషి భరిస్తున్నారు. పైగా పొదుపు చేయగల సమయం చాలానే ఉంది. కారు రాగానే మొదట పైభాగం కడిగి, ఆలోగా చల్లారిన చక్రాలను చివర్లో పట్టుకుంటే అదనంగా ఆగాల్సిన పని ఉండదు. తరచూ కడిగే చక్రానికి మెత్తని షాంపూ, బ్రష్ చాలు. దీనికి కాస్త ఎక్కువ తీసుకుంటామని చెప్పినా కాదనని యజమానులు ఉంటారు. ఇంతవరకు వాళ్లకు ఎవరూ ఆ తేడా వివరించలేదు, అంతే.

రెండోది నీళ్ల ప్రశ్న. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరి బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. అటువంటి రోజుల్లో చక్రాలను తరచూ కడగమనడం సబబేనా? సబబే, ఎందుకంటే తరచుగా కడగడమంటే ఎక్కువ నీళ్లు పారించడం కాదు. నాలుగు చక్రాల తాజా పొడిని వదిలించడానికి ఒక బకెట్ సబ్బు నీళ్లు, తడపడానికీ జాడించడానికీ మరి రెండు బకెట్లు సరిపోతాయి. ఆరు నెలల మొండి మురికి కోసం గన్ పట్టుకుని గంటసేపు పోరాడితే పారే నీళ్లే ఎక్కువ. తాగేందుకు పనికిరాని నీళ్లను దీనికి వాడుకోవచ్చు, కాకపోతే ఆరబెట్టడం మరింత శ్రద్ధగా జరగాలి. రజనుతో కలిసిన ఆ నీళ్లు వాననీటి కాలువలోకి, చెరువులోకి పోకుండా చూసుకోవడం కూడా మన బాధ్యతే.

మూడో మాట, యాసిడ్‌ను పూర్తిగా తప్పుపడుతున్నామా అన్నది. లేదు. ఏళ్ల తరబడి గట్టిపడిన సున్నపు మరకలకు, తిరిగి పూత వేయబోయే చక్రాలకు నిపుణులు పలుచన చేసిన తేలిక యాసిడ్లు వాడతారు. కొలత తెలిసి, తొడుగులు తొడిగి, సమయం చూసుకుని వాడటానికి అర్థం ఉంది. అభ్యంతరమల్లా అది మామూలు వారపు కడుగుడులో భాగం కావడం గురించే. ‘రోడ్డు మీద తిరిగే చక్రమే కదా, గీతలు పడకుండా ఉంటుందా’ అని ఇంకొందరు అంటారు. రాళ్లూ గుంతలూ చేసే గాయాలను మనం ఆపలేం, నిజమే. ఆపలేని గాయాలు ఉన్నందుకే ఆపగల గాయాలను ఆపాలి. రాయి తగిలి పూత చిట్లిన చక్రానికి యాసిడ్ తగిలితే చిన్న పెచ్చు పెద్ద తుప్పు అవుతుంది, మెత్తని షాంపూ తగిలితే చిన్న పెచ్చు చిన్న పెచ్చుగానే మిగులుతుంది.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్న సామెతలో ఒక షరతు దాగి ఉంది. గోటితో పోయే దశలోనే చెయ్యి పెట్టాలి. చక్రాల విషయంలో ఆ దశ వారం నుంచి పదిహేను రోజులు. ఇంట్లో కడుక్కునేవారికి ఇది చాలు. వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేవారు ర్యాంపు ఎక్కించే ముందు రెండు మాటలు అడగాలి: ‘బాబూ, చక్రాలకు ఏం కొడుతున్నారు? అవి చల్లారాక కడుగుతారా?’ సీసా మీద పేరు లేకపోయినా, అందులో యాసిడ్ ఉందన్నా, ‘మా చక్రాలకు షాంపూ చాలు’ అని చెప్పాలి. ఆ మాటతో ఒక పూట మెరుపు కొంచెం తగ్గవచ్చు. పూత మిగులుతుంది, ఆ కుర్రాడి చేతులూ బాగుంటాయి.